కొత్తగా కొన్న పాత విల్లీస్ జీపు: ఆయిళ్లు మార్చిన అనుభవం

1944 నాటి విల్లీస్ ఎంబీ కొన్నాను. "సర్వీసు అయింది, నడుపుకోవడమే" అన్నాడు అమ్మినాయన. ఆ మాట పక్కనబెట్టి బండిలో ఉన్న ఆయిళ్లన్నీ దించేశాను.

గేర్‌బాక్స్‌లో వరుస ముఖ్యం. ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసి, అప్పుడే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పాలి. లేదంటే ఆయిల్ దించేశాక మళ్లీ పోసే దారి ఉండదు. నాది తుప్పు వదిలించే నూనెలో రాత్రంతా నానితేగానీ కదల్లేదు. లోపల ఆయిల్ బాగా తక్కువ. వెనకాలే ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) ప్లగ్ తీస్తే మాత్రం పొంగి కారింది! మధ్యలో సీలు అరిగి అటుది ఇటు చేరిందన్నమాట. సీలు మార్చి జీఎల్-4 రకం గేర్ ఆయిల్ పోశాను. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు రసాయనాలు సింక్రో ఇత్తడి రింగులకు (గేర్లు సాఫీగా పడేలా చేసేవి) పడవు.

ఇంజను సంప్ (కింద ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, అడుగున పేరుకున్న మడ్డి గీకాకే, మురికిని వదిలించే డిటర్జెంట్ ఆయిల్ పోశాను. అలా చేయకపోతే మడ్డి కదిలి ఆయిల్ దారులకు అడ్డుపడొచ్చు. ఎయిర్ క్లీనర్ గిన్నెలోనూ ఆయిల్ ఉంటుంది, చాలామందికి గుర్తుండదు.

బ్రేకులకు వాడే డాట్ 3, డాట్ 4 రకం ఆయిళ్లు తేమను పీల్చుకుంటాయి. ఎక్కువగా నిలిపి ఉంచే బండికి సిలికాన్ డాట్ 5 నయమని నా అభిప్రాయం. అమెరికా సైన్యం కూడా 1980ల్లో దానికే మారింది. అయితే పాతదానితో కలవకూడదు. అందుకని లైన్లు కడిగి, రబ్బర్లన్నీ కొత్తవి వేశాను.

కాస్త నడిపాక గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసుల్లో మళ్లీ ఆయిల్ లెవెళ్లు చూశాను, రెండూ ఉన్నచోటే ఉన్నాయి. ముందు చక్రాలు తిరిగే కీళ్ల (నకిల్) సీళ్ల దగ్గర ఇంకా కొంచెం చెమ్మ ఉంది, దాన్ని ప్రస్తుతానికి వదిలేశాను.