బీడుపడిన పొలాన్ని పంట రుణంతో మళ్లీ సాగులోకి తెచ్చుకోవడం ఎలా?

పొలం ఒక్కరోజులో బీడుపడదు. అదనుకు విత్తనాల డబ్బు చేతికందక ఒక ఏడు దుక్కి ఆగుతుంది, మరుసటి వానాకాలానికి గట్లు తెగుతాయి, ఆ తర్వాత సర్కారు తుమ్మ వేళ్లూనుతుంది. అనంతపురం మెట్టల్లోనైనా, పాలమూరు వలస గ్రామాల్లోనైనా కనిపించే వరుస ఇదే. అప్పు సకాలంలో, తగిన వడ్డీకి, అసలు సాగుదారు చేతికి అందితే ఈ వరుసను మొదటి మెట్టులోనే ఆపవచ్చు.

అయితే పొలం ఎందుకు ఆగిందో ముందుగా నిజాయితీగా తేల్చుకోవాలి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వారిని బాధించినవి ప్రధానంగా గిట్టుబాటు కాని వరి ధర, పెరిగిన కూలి, పూడుకుపోయిన మురుగు కాలువలు. అలాంటి చోట కొత్త అప్పు తెస్తే భూమి నిలవదు, బాకీ మాత్రం మిగులుతుంది. పంటకు ధర, నీరు ఉండి పెట్టుబడి ఒక్కటే కరవైన పొలానికే కింది పద్ధతి వర్తిస్తుంది.

తర్వాత, పొలం ఎన్నేళ్లుగా ఖాళీగా ఉందో లెక్క వేయండి. ప్రభుత్వ గణాంకాల్లో ఆ ఏడాది మాత్రమే సాగు కానిది ప్రస్తుత బీడు, ఏడాది దాటి ఐదేళ్లలోపుది ఇతర బీడు, అంతకు మించితే సాగుకు పనికివచ్చే బంజరు. మొదటి రకానికి పంట రుణం చాలు. మిగిలిన రెండింటికీ తుమ్మ తీయించడానికి, చదునుకు, గట్లకు ముందుగా భూమి అభివృద్ధి కోసం దీర్ఘకాలిక రుణం అడగాలి. దీన్ని కొన్నేళ్ల వాయిదాల్లో తీర్చవచ్చు కానీ, పంట రుణానికి ఉన్న వడ్డీ రాయితీ దీనికి రాదు. పంట రుణాన్నే చదునుకు ఖర్చుపెట్టి, విత్తే వేళకు ఖాళీ చేతులతో మిగలడం ఎంతో మంది రైతులను మళ్లీ ప్రైవేటు అప్పుల్లోకి నెట్టే పొరపాటు.

రుణ మొత్తాన్ని బ్యాంకుకు వెళ్లకముందే మీరే లెక్కించుకోండి. 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు కింద పరిమితిని పంటవారీగా జిల్లాలో ఏటా నిర్ణయించే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్‌ను, అంటే ఎకరా సాగుకు ఇవ్వదగిన రుణ మొత్తాన్ని, బట్టి కడతారు. ఎకరాకు 40,000 రూపాయలు ఉందనుకుంటే మూడెకరాలకు 1,20,000. దానికి కోత అనంతర, ఇంటి అవసరాల కింద 10 శాతం, పనిముట్ల నిర్వహణ వంటి వాటికి 20 శాతం కలిపితే 1,56,000 రూపాయలు అవుతుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది కాబట్టి, ఈ మొత్తానికి భూమి తనఖా కోరితే ఆ మాట మర్యాదగా గుర్తుచేయవచ్చు.

3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా చెల్లించిన వారికి 3 శాతం రాయితీ పోను 4 శాతమే. 1,20,000 రూపాయలకు ఏడాదికి 4,800 అన్నమాట. అదే మొత్తం నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే 28,800 కట్టాలి. ఎకరాకు 8,000 తేడా! మెట్ట పంటలో చాలాసార్లు మిగిలేదే అంత; కౌలుదారు పొలాన్ని వదిలేయడానికి నా దృష్టిలో ఇంతకన్నా బలమైన కారణం లేదు.

కష్టమంతా కౌలుదారు దగ్గరే ఉంది. పట్టాదారు పాసుపుస్తకం యజమాని పేరున ఉంటుంది, ఆయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, కాగితం మీద సంతకం చేస్తే భూమి పోతుందని భయపడతారు. కౌలుదారు పంట రుణం అడగడానికి ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కుల కార్డు 11 నెలలకే చెల్లుతుందనీ, భూమిపై ఎలాంటి హక్కునూ ఇవ్వదనీ ఆయనకు ఒప్పంద పత్రం చూపి వివరించండి. అదే సర్వే నంబరుపై యజమాని ఇప్పటికే పంట రుణం తీసుకొని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వడానికి సాధారణంగా ఒప్పుకోదు. కనుక ఆ ఏడాది రుణం ఎవరి పేరున ఉండాలో కౌలు ధర మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవాలి. యజమాని ఒప్పుకోకపోతే నలుగురు నుంచి పది మంది సాగుదారులు కలిసి ఉమ్మడి బాధ్యత బృందంగా ఏర్పడి, పరస్పర పూచీపై రుణం అడగవచ్చు. బృందంలో ఒకరు ఎగ్గొడితే అందరి దారీ మూసుకుపోతుంది కాబట్టి, చుట్టరికం కన్నా చెల్లింపు అలవాటు చూసి సభ్యులను ఎంచుకోండి.

దరఖాస్తు వేసవిలోనే ఇవ్వండి. మృగశిర కార్తెకు దుక్కి సిద్ధంగా ఉండాలంటే మే నెలలోపు పత్రాలు బ్యాంకులోనో సహకార సొసైటీలోనో ఉండాలి. జులైలో వచ్చిన డబ్బు విత్తనానికి కాక పాత బాకీకి పోతుంది. విత్తిన వెంటనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పంట నమోదు వ్యవస్థ ఈ-క్రాప్‌లో సాగుదారు పేరుతో నమోదు చేయించి రసీదు దాచుకోండి. వచ్చే ఏడు రుణం అడిగేటప్పుడు ఈ పొలం సాగులో ఉందని, సాగు చేసింది మీరేనని చూపే కాగితం అదే. పంట అమ్మగానే, గడువు తేదీకి ముందే, అసలు కొంతైనా నిజంగా కట్టండి. కాగితాల మీద పాత అప్పును కొత్త అప్పుగా మార్చే బుక్ అడ్జస్ట్‌మెంటుతో ఖాతా పచ్చగా కనిపించినా, తర్వాతి దుక్కికి ఒక్క రూపాయి కూడా చేతికి రాదు.