సంఘ కాపరి కొరకు విజ్ఞాపన – మూడవ పాఠం: వివరంగా అడగడం

రెఫీదీములో యుద్ధం జరుగుతుండగా పైకెత్తిన మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఆయనను రాతిమీద కూర్చుండబెట్టి, చెరొక ప్రక్కన నిలిచి ఆ చేతులను సూర్యుడు అస్తమించే వరకు ఆదుకొన్న సంగతి గత పాఠంలో చదివాము (నిర్గమకాండము 17వ అధ్యాయం). వారు మొదట ఆయన అలసటను గమనించారు, ఆ తరువాతే రాయి తెచ్చి వేశారు. ఆ గమనింపును ప్రార్థనలోకి ఎలా తేవాలో ఈ పాఠంలో నేర్చుకుందాము. “ప్రభువా, మా పాస్టర్ గారిని దీవించండి” అన్న ఒక్క మాటతో ముగించడంలో దోషం లేదు గాని, అలా అడిగినదానికి జవాబు వచ్చిందో లేదో మనం ఎన్నటికీ గుర్తుపట్టలేము.

తన కొరకు ఎలా ప్రార్థించాలో పౌలే రోమా సంఘానికి వ్రాసి చెప్పాడు. బైబిలు తెరిచి రోమీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయం, 30 నుండి 32 వచనాలు నెమ్మదిగా, వీలైతే పైకి చదవండి. యూదయలోని అవిధేయుల చేతిలోనుండి తాను తప్పింపబడాలని, యెరూషలేము పరిశుద్ధుల కొరకు తీసుకుపోతున్న సహాయం వారికి ప్రీతికరం కావాలని, ఆ తరువాత సంతోషంతో రోమాకు వచ్చి వారితో కలిసి విశ్రాంతి పొందాలని ఆయన అడిగాడు. ఒకటి ప్రమాదాన్ని గురించినది, ఒకటి చేతిలో ఉన్న పనిని గురించినది, ఒకటి మనసుకు కావలసిన సేదతీర్పును గురించినది. అంతటి అపొస్తలుడు తనకు విశ్రాంతి కావాలని దాచకుండా చెప్పుకోవడం నన్ను ఎంతో కదిలిస్తుంది. మన సేవకులు అలా నోరు తెరిచి చెప్పగల సంఘాలు ఎన్ని ఉన్నాయో మనలను మనం ప్రశ్నించుకోవాలి.

ఇప్పుడు ఆ మూడు మనవుల జవాబులను అపొస్తలుల కార్యములలో వెదకండి. యెరూషలేములోని సహోదరులు పౌలును సంతోషంతో చేర్చుకొన్నారు (21:17). కొద్ది రోజులకే జనసమూహం ఆయనను చంపబోగా రోమా సహస్రాధిపతి సైనికులతో వచ్చి విడిపించాడు, కానీ అదే చేతితో సంకెళ్లు వేయించాడు. కైసరయలో రెండేళ్లు చెరలో గడిచాయి, తరువాత ఓడ బద్దలైంది. చివరకు ఆయన రోమాకు ఖైదీగా చేరుతుండగా, అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట వరకు, త్రిసత్రముల వరకు ఎదురు వచ్చారు. వారిని చూచి పౌలు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యం తెచ్చుకొన్నాడు (28:15). అప్పీయా సంతపేట రోమాకు సుమారు 65 కిలోమీటర్ల దూరం. పత్రిక అందుకొన్న సంఘమే, తమ కొరకు బయలుదేరిన సేవకునికి ఇంత దూరం ఎదురు నడిచింది. అడిగినవి స్పష్టంగా ఉన్నందువల్లనే, జవాబులు అనుకోని దారిలో వచ్చినా మనం వాటిని పోల్చుకోగలుగుతున్నాము.

తెలుగు నేలమీద కూడా ఇలాంటి స్పష్టమైన మనవి ఒకటి ఉంది. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యువెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి, ఆ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. ఆ మనవికి జవాబుగా వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడింది పన్నెండేళ్ల తరువాత, 1866లో.

ఇక సాధన. ఆదివారం ఆరాధన తరువాత “అయ్యగారూ, మీ కోసం ఏమని ప్రార్థించమంటారు?” అని అడిగితే, “ప్రార్థన చేయండమ్మా, అంతే చాలు” అన్న జవాబే సాధారణంగా వస్తుంది. కాబట్టి చిన్న ప్రశ్నలు అడగండి: “వచ్చే ఆదివారం ఏ వాక్యభాగం చెబుతున్నారు? ఈ వారం ఏ ఊళ్లకు వెళ్తున్నారు?” ఉదయం ఒక ఊరిలో ఆరాధన, మధ్యాహ్నం మరొక ఊరిలో ప్రభువు బల్ల, మధ్యలో ఎవరో పోతే భూస్థాపన, శుక్రవారం ఉపవాస ప్రార్థన: ఇలా సాగే వారంలో ప్రసంగానికి సిద్ధపడే సమయం చాలాసార్లు శనివారం రాత్రికి జరిగిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, శనివారం సాయంత్రం మీ ప్రార్థనకు ఒక రూపం వస్తుంది: “తండ్రీ, ఈ రాత్రి ఆయన వాక్యం ముందు కూర్చున్నప్పుడు అలసటను తీసివేయండి, ఎవరూ ఆయనను కదపకుండా రెండు గంటలు దయచేయండి; రేపు ఆయన నోరు తెరిచినప్పుడు తగిన మాటలు ఇవ్వండి.” ఈ చివరి మనవి ఎఫెసీయులకు 6:19లో పౌలు అడిగినదే, ఆయన అప్పుడు సంకెళ్లలో ఉన్నాడు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. అప్పు, అనారోగ్యం, పెద్దలతో భేదాభిప్రాయం వంటివి ఆయన మీతో నమ్మి చెప్పుకొంటే, వాటిని గృహకూటములో ప్రార్థనాంశంగా పైకి చెప్పకండి. ప్రార్థన పేరుతో బయటపడిన రహస్యం కూడా రహస్యభంగమే, అటువంటిది ఒకసారి జరిగితే ఆ సేవకుడు మళ్లీ ఎవరితోనూ మనసు విప్పలేడు.

ఈ వారం ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, పౌలు చూపిన వరుసలోనే మూడు మనవులు వ్రాయండి, ఎదుటి పేజీని జవాబుల కొరకు ఖాళీగా ఉంచండి. రోజూ వాటినే అడగండి, మధ్యలో మార్చకండి. నాలుగవ పాఠంలో పాస్టరమ్మ గారి కొరకు, వారి పిల్లల కొరకు ప్రార్థించడం నేర్చుకుంటాము. అప్పటికి ఈ పుస్తకం మీ చేతిలో ఉండాలి.