పాత ఫ్లాట్‌లోకి మారాక నెట్ స్పీడ్ 94 దగ్గరే ఆగిపోతోందా? రౌటర్ జోలికి తర్వాత వెళ్లండి

ఇల్లు మారారు, కనెక్షన్ షిఫ్ట్ చేయించారు, ప్లాన్ 300 ఎంబీపీఎస్, టెస్ట్ పెడితే మాత్రం 90 చిల్లరే. ఇక్కడ అందరూ చేసే మొదటి పని రౌటర్ వెనక కన్నంలో పిన్ను పెట్టి రీసెట్ కొట్టడం. అది చేయకండి బాబూ. చాలాచోట్ల పీపీపీఓఈ, అంటే నెట్ లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆ రౌటర్‌లోనే ఉంటాయి, అవి చెరిగిపోతే వచ్చే 90 కూడా పోయి ఆదివారం పూట కస్టమర్ కేర్ పాట వింటూ కూర్చోవాలి.

ముందు చేయాల్సింది ఒకటే. గుమ్మం దగ్గరో అటక మీదో ఫైబర్ వచ్చి ఆగే డబ్బా ఉంటుంది కదా, ల్యాప్‌టాప్‌ని దానికే చిన్న ల్యాన్ వైరుతో పెట్టి టెస్ట్ చేయండి. రెండు నిమిషాల పని, కానీ పదిమందిలో తొమ్మిదిమంది చేయరు, స్టూలు ఎక్కాలని బద్ధకం. లాగిన్ రౌటర్‌లో ఉంటే ఆ రౌటర్‌నే విప్పి డబ్బా పక్కకి తెచ్చి, దానికి ల్యాప్‌టాప్ తగిలించి చూడండి.

డబ్బా మీద ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతుంటే: ఫైబర్‌లోంచి సిగ్నల్ వెలుతురు రావట్లేదు, అంటే ఫైబర్ తెగింది లేదా నలిగింది. సామాన్లు దించేటప్పుడు బీరువా కిందో తలుపు సందులోనో పడి ఉంటుంది. పెన్సిల్‌కి చుట్టినంత మలుపు ఉన్నా సిగ్నల్ పడిపోతుంది, వదులుగా చేసి చూడండి, రాకపోతే ఆపరేటర్‌ని పిలవండి. కొస విప్పి కంటితో తొంగిచూడొద్దు. లైటు మామూలుగానే ఉండి నెట్ వస్తూ పోతూ ఉంటే, డబ్బా సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్ చూడండి, మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే దిగుల్లేదు, మైనస్ 27 కన్నా కిందికి పోతే ఆ లైనుతో వేగలేం.

డబ్బా దగ్గరే స్పీడ్ రాకపోతే: డేటా లిమిట్ అయిపోయిందేమో, షిఫ్టింగ్‌లో ప్లాన్ మార్చేశారేమో యాప్‌లో చూసుకోండి. తప్పు గోడలోని ల్యాన్ వైరుది కాదు.

డబ్బా దగ్గర 300 ఫుల్లుగా వచ్చి, హాల్లో రౌటర్‌కి వైరు పెట్టినా 94 దాటకపోతే: అసలు దొంగ ఇక్కడున్నాడు, డబ్బా నుంచి రౌటర్ దాకా గోడలోంచి వెళ్లే ల్యాన్ వైరులో.

ఈ 94 అనే అంకె గుర్తుపెట్టుకోండి. నెట్ బాలేకపోతే ఓసారి 40, ఓసారి 200 అలా ఊగుతుంది, పొద్దునా రాత్రీ ఒకేలా 93, 94, 95 అంటే వైరు 100 ఎంబీపీఎస్ దగ్గర లాక్ అయింది. ల్యాన్ వైరులో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100కి రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా రెండు కొసల్లో ఉన్న పెట్టెలు మాట్లాడుకుని చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. ఎర్రలైటు వెలగదు, నెట్ ఆగదు, వీడియోలు బ్రహ్మాండంగా ఆడతాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

నేను దీనికి బలైంది హైదరాబాద్ అమీర్‌పేట వైపు ఓ పాత అపార్ట్‌మెంట్‌లో. కొత్త రౌటర్ కొన్నా, టెక్నీషియన్ మూడుసార్లొచ్చి "మా లైన్ పర్ఫెక్ట్ సార్" అని వెళ్లాడు, పాపం అతను చెప్పింది నిజమే. చివరికి టీవీ వెనక గోడ ప్లేటు విప్పాను, స్క్రూల మీద రెండు పూతల సున్నం, చాకుతో గీరితే గానీ రాలేదు. లోపల చూస్తే నారింజ, ఆకుపచ్చ జతలు ల్యాన్ జాక్‌కి ఉన్నాయి, నీలం జతని మెలిపెట్టి నల్లటేపు చుట్టి పక్కనున్న ల్యాండ్‌లైన్ జాక్‌కి ఇచ్చారు, గోధుమరంగు జత ఊరికే వేలాడుతోంది. ల్యాండ్‌లైన్ ఎప్పుడో పోయింది, జాయింట్ మాత్రం మిగిలింది. అప్పట్లో ఆ ఎలక్ట్రీషియన్ చేసింది తప్పు కాదు లెండి, 100కి నీలం, గోధుమ అక్కర్లేదు, ఒకే వైరులో రెండు పనులు కానిచ్చాడు.

ప్లేటు విప్పక ముందే తేల్చుకోవచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్‌నెట్‌లో లింక్ స్పీడ్ చూడండి, గోడ వైరుతో 100/100, చిన్న వైరుతో 1000/1000 వస్తే కేసు తేలినట్టే. చిన్న వైరుతోనూ 100 అంటే మీ పోర్టో ఆ చిన్న వైరో 100 దగ్గర ఆగుతోంది, గోడని తిట్టకండి.

బాగుచేయడం: ఎనిమిది తీగలూ ఉంటే రెండువైపులా కొంచెం కోసి కొత్త ఆర్‌జే 45 (ల్యాన్ వైరు కొసన ఉండే ప్లగ్) కొట్టించండి, రెండు కొసలా రంగుల వరస ఒకేలా ఉండాలి, ల్యాన్ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగేదాకా డబ్బులివ్వకండి. మధ్యలో ఎక్కడో జాయింట్ ఉంటే వెతుక్కోవద్దు, పాత వైరు కొసకి కొత్త క్యాట్ 6 ల్యాన్ వైరు గట్టిగా కట్టి అటునుంచి లాగండి, ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఇటునుంచి తోయాలి. అల్యూమినియం మీద రాగి పూసిన చవక వైరు వద్దు, మెలితిప్పితే తెగుతుంది. పైపు మూసుకుపోయి కదలకపోతే గోడ అంచున పట్టీ కొట్టి బయటే వేయండి, ఓనర్ గొణుగుతాడు, గొణగనివ్వండి. కరెంటు పైపులో మాత్రం దూర్చొద్దు.

వైరుకి బాగానే వచ్చి బెడ్‌రూమ్‌లో ఫోన్‌కే రాకపోతే అది వైఫై గొడవ, పాత గోడలు మందం, 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది, రౌటర్‌ని చెప్పుల స్టాండ్‌లోంచి తీసి ఇంటి మధ్యలో పెట్టండి. రౌటర్ మార్చిన రోజు నుంచే నెట్ అసలు రాకపోతే ఆపరేటర్ పాత రౌటర్ మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్) పట్టుకుని కూర్చున్నాడేమో, ఫోన్ చేస్తే మారుస్తారు. ఇక ఎలుకలు కొరకడం, పిడుగుకి పోర్టు కాలడం లాంటివి ఉంటాయి గానీ, అంతదూరం వెళ్లేముందు ఆ స్టూలు ఎక్కండి.