వేరుశనగలో జన్యు వైవిధ్యాన్ని కొలిచి, సంకరణకు జతలు ఎంచుకోవడం ఎలా?

వేరుశనగ చేలో రకానికో తీరు కనిపిస్తుంది. ఒకటి గుత్తిగా నిలబడితే ఇంకొకటి నేల మీద పాకుతుంది, గింజ రంగులు కూడా రకరకాలు. ఇది చూసి వైవిధ్యానికి కొదవలేదని అనుకోవద్దు. దక్షిణ అమెరికాలో కొన్ని వేల ఏళ్ల కిందట రెండు అడవి జాతులు కలిసి, క్రోమోజోములు రెట్టింపై ఈ పంట పుట్టింది. దీనికి 40 క్రోమోజోములు, అడవి బంధువుల్లో చాలావాటికి 20. అందుకే వాటితో తేలిగ్గా కలవదు. వంశం మొదలైంది అతి కొద్ది మొక్కలతోనే కాబట్టి లోపలి తేడాలు తక్కువ.

1. ముందు లక్ష్యం రాసుకోండి. తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను తట్టుకోవాలా, నూనె నాణ్యత పెరగాలా, పంటకాలం తగ్గాలా? ఏ లక్షణాలు కొలవాలో దీన్ని బట్టే తేలుతుంది.

2. విత్తనాలు సేకరించండి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో (విత్తన నమూనాలు భద్రపరిచే చోటు) దాదాపు 15 వేల వేరుశనగ నమూనాలున్నాయి. అన్నీ వేయడం ఎవరి వల్లా కాదు. వాటి వైవిధ్యానికి ప్రతినిధులుగా 184 నమూనాల మినీ కోర్ తయారుచేశారు, దానితో మొదలుపెట్టండి. కదిరి-6, టీఎంవీ-2 లాంటి స్థానిక రకాలను పోలికకు కలపండి.

3. 30 × 10 సెం.మీ. దూరంలో విత్తండి. గింజలు తక్కువుంటే నమూనాకు ఒక వరుస చాలు, పోలిక రకాలను మాత్రం ప్రతి బ్లాకులోనూ (చేను విభజించిన ప్రతి భాగంలోనూ) వేయాలి. ఖరీఫ్, రబీ రెండూ చూడకుండా నిర్ణయానికి రావద్దు.

4. చేలో కూర్చుని చూడాల్సిన పని ఇదే, తొందరపడితే కుదరదు. పూత సమయంలో ప్రధాన కాండాన్ని వేళ్లతో విడదీసి చూడండి. దాని మీద పూలుంటే స్పానిష్ లేదా వాలెన్సియా వర్గం, కొమ్మల మీదే ఉంటే వర్జీనియా. ఈ ఒక్క గుర్తుతో సగం గందరగోళం తీరుతుంది. సగం మొక్కలు పూసే రోజు, మొక్కకు కాయలు, 100 గింజల బరువు, కాయలో గింజ శాతం, నూనె శాతం రాసుకోండి. కోతకొచ్చాక వాన పడితే చేలోనే మొలకెత్తుతుందా అన్నది చాలామంది వదిలేస్తారు. స్పానిష్ రకాల్లో గింజకు నిద్రావస్థ (పండాక కొన్నాళ్లు మొలకెత్తకుండా ఉండే గుణం) తక్కువ కాబట్టి ఇది రైతుకు డబ్బు సంగతే.

5. లెక్క కట్టండి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1936లో చెప్పిన డీ-స్క్వేర్ దూరం (అన్ని లక్షణాలనూ కలిపి రెండు రకాల మధ్య తేడాను ఒకే అంకెలో చెప్పే కొలత) మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని ఆధారంగా టాచర్ పద్ధతిలో రకాలను గుంపులు చేస్తారు. ఆ పద్ధతిని 1952లో పుస్తకంలో వివరించింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు. ఈ లెక్కలకు ఉచితంగా దొరికే ‘ఆర్’ (R) సాఫ్ట్‌వేర్ చాలు. మొత్తం దూరంలో ఏ లక్షణం వాటా ఎంతో చూడండి. గింజ బరువు ఒక్కటే సగం మోస్తుంటే ఆ గుంపులను గుడ్డిగా నమ్మొద్దు.

6. వీలైతే డీఎన్‌ఏ మార్కర్లు (రకాల మధ్య తేడా చూపే డీఎన్‌ఏ గుర్తులు) కూడా వాడండి. లేత ఆకు చాలు. చేలో వేరుగా కనిపించిన రెండు రకాలు మార్కర్లలో ఒకటేలా తేలితే టెన్షన్ పడొద్దు, ఈ పంటలో అది మామూలే.

7. ఇప్పుడు జత. అతి దూరపు జతే మంచిదనే మాట నాకు నచ్చదు. దూరం మరీ ఎక్కువైతే పనికిరాని లక్షణాలు కూడా వెంటబడి వస్తాయి, వాటిని వదిలించుకోవడానికి తరాలు పడుతుంది. ఒకటి మీ ప్రాంతంలో నిలదొక్కుకున్న రకం, రెండోది దానిలో లేని లక్షణం ఉన్నది కావాలి. వేరు గుంపుల నుంచి, మధ్యస్థ దూరంలో ఎంచుకోండి. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు టీఏజీ-24, జేఎల్-24 రకాలకు జీపీబీడీ-4 అనే మరో రకం నుంచి తుప్పు నిరోధకతను మార్కర్ల సాయంతో చేర్చారు. జీపీబీడీ-4లో ఆ గుణం అడవి జాతి నుంచి వచ్చిందే. అయినా వాళ్లు నేరుగా అడవి మొక్కను పట్టుకోలేదు, అప్పటికే సాగుకు మలిచిన రకాన్నే దాతగా తీసుకున్నారు.

8. సాయంత్రం మొగ్గలో పుప్పొడి తిత్తులు తీసేసి, మర్నాడు ఉదయాన్నే తండ్రి పుప్పొడి అద్దండి. ఆ కణుపు దగ్గర మిగతా పూలను తుంచేసి, దారం కట్టండి. ఇది తనను తానే ఫలదీకరించుకునే పంట, ఒక్క పువ్వు వదిలినా మోసం చేస్తుంది. వచ్చే సీజన్‌లో మొలిచిన ప్రతి మొక్క ఆకునూ మార్కర్‌తో పరీక్షించి, తండ్రి గుర్తు లేనివాటిని పీకేయండి.