వీసీఓ ప్రతి స్థాయిలోనూ శ్రుతిలో ఉండాలంటే సీవీ సరిచేయడం ఎలా?

అనలాగ్ సింథసైజర్‌లో కీ నొక్కితే ఆసిలేటర్‌కు, అంటే స్వరం పుట్టించే సర్క్యూట్‌కు, వెళ్లేది వోల్టేజీ మాత్రమే. ఇలా వోల్టేజీ చెప్పినట్టు పలికే ఆసిలేటరే వీసీఓ. దాన్నే కంట్రోల్ వోల్టేజ్, పొట్టిగా సీవీ అంటాం. రాబర్ట్ మూగ్ సింథసైజర్లతో స్థిరపడిన పద్ధతిలో ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పెరుగుతుంది. మంద్ర షడ్జం 1 వోల్టు దగ్గర ఉంటే మధ్య షడ్జం 2 దగ్గర, తార షడ్జం 3 దగ్గర పలకాలి. ఒక స్వరస్థానం నుంచి పక్కదానికి దాదాపు 83 మిల్లీవోల్టులు. కోర్గ్ ఎంఎస్-20 దారి వేరు: అక్కడ వోల్టేజీ రెట్టింపైతేనే స్థాయి పెరుగుతుంది. దాని సీవీని ఒక వోల్టు పద్ధతి ఆసిలేటర్‌కు నేరుగా కలిపి, శ్రుతి రావట్లేదని ట్రిమ్మర్ (బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాటు) తిప్పకండి.

మల్టీమీటర్, సన్న స్క్రూడ్రైవర్, ప్యాచ్ కేబుళ్లు, రెండో ఆసిలేటర్ ఒకటి తెచ్చుకోండి. మీటర్ మిల్లీవోల్టులు చూపించాలి.

ముందుగా అన్నీ ఆన్ చేసి అరగంట వదిలేయండి. విజయవాడలో ఇది మరీ ముఖ్యం. వోల్టేజీని పిచ్‌గా మార్చే ట్రాన్సిస్టర్ల జత వేడికి మారుతుంది. సర్క్యూట్‌లో దిద్దుబాటు లేకపోతే డిగ్రీకి దాదాపు 0.33 శాతం తేడా వస్తుంది. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద సరిచేసి, రాత్రి ఏసీ గదిలో వాయిస్తే తప్పకుండా శ్రుతి పోతుంది. ఏ గదిలో వాయిస్తారో ఆ గదిలోనే, ఆ చల్లదనంలోనే చేయండి.

తర్వాత కీబోర్డు సీవీని మీటర్‌తో కొలవండి. స్థాయి దాటిన ప్రతిసారీ తేడా సరిగ్గా 1 వోల్టు రావాలి. రాకపోతే ఆసిలేటర్ జోలికి వెళ్లకండి, ముందు కీబోర్డు సంగతి చూడండి.

ఇప్పుడు అసలు పని, అందరూ పాడుచేసేది ఇక్కడే. వీసీఓకు 1 వోల్టు ఇచ్చి, ట్యూన్ నాబ్‌తో 110 హెర్ట్జ్‌కు తెండి. 3 వోల్టులు ఇవ్వండి. 440 రావాలి. 450 వచ్చిందనుకోండి, చాలామంది వెంటనే మళ్లీ ట్యూన్ నాబ్ పట్టుకుంటారు. దాంతో పైస్వరం సరిపోతుంది, కింది స్వరం పోతుంది. నాబ్ స్వరాలన్నిటినీ కలిపి జరుపుతుంది, వాటి మధ్య దూరాన్ని మార్చదు. దూరం మార్చేది స్కేల్ ట్రిమ్మర్ ఒక్కటే.

450 దగ్గర ట్రిమ్మర్‌ను కొద్దిగా తిప్పండి, పావు చుట్టు కూడా వద్దు. చాలా సర్క్యూట్లలో దీంతో కింది స్వరం కూడా కదులుతుంది. కాబట్టి 440 చూసి సంతోషపడి ఆగకండి. 1 వోల్టుకు తిరిగి వెళ్లి, నాబ్‌తో 110 పెట్టి, మళ్లీ 3 వోల్టులు చూడండి. తేడా పెరిగితే తిప్పిన దిక్కు తప్పు. కింద ఎప్పుడూ నాబ్, పైన ఎప్పుడూ ట్రిమ్మర్. ఈ వరస తప్పితే సాయంత్రందాకా తిరుగుతూనే ఉంటారు. రెండు స్వరాలూ దేన్నీ ముట్టకుండా నిలిచేదాకా ఇలాగే చేయండి.

ఫోన్ ట్యూనర్‌ను నమ్ముకోవద్దు. అది ఒక్కో స్వరాన్ని విడిగా చూస్తుంది. రెండో ఆసిలేటర్‌ను సీవీ లేకుండా 440 దగ్గర నిలిపి, రెండింటినీ సాటూత్ వేవ్‌లో కలిపి వినండి. తంబురా శ్రుతి చేసేటప్పుడు వినిపించే అలలే ఇక్కడా వినిపిస్తాయి. అల నెమ్మదించి ఆగితే కుదిరినట్టే. 110 దగ్గర కూడా ఇదే పనిచేస్తుంది, ఎందుకంటే దాని నాలుగో హార్మోనిక్ (దానిలోనే కలిసి పలికే నాలుగు రెట్ల స్వరం) 440. చెవి పట్టే తేడాను ట్యూనర్ అంకెల్లో వెతుక్కోవడం దండగ.

బాగా పై స్థాయిల్లో మాత్రమే పిచ్ దిగిపోతుంటే స్కేల్ ట్రిమ్మర్ తాకకండి. దానికి చాలా బోర్డుల మీద హై ఫ్రీక్వెన్సీ ట్రిమ్మర్ విడిగా ఉంటుంది.

చివరగా, ఒకే సీవీని రెండు ఆసిలేటర్లకు పంచేటప్పుడు మామూలు మల్టిపుల్ (ఒక వైరును ఊరికే పలు వైర్లుగా చీల్చేది) వాడకండి. అవుట్‌పుట్‌లో 1 కిలో ఓమ్, ప్రతి ఇన్‌పుట్‌లో 100 కిలో ఓమ్‌ల నిరోధం ఉంటే, రెండోది తగిలించగానే వోల్టేజీ ఇంకో ఒక శాతం పడిపోతుంది. 4 వోల్టుల దగ్గర అది దాదాపు 40 మిల్లీవోల్టులు, అంటే సగం స్వరస్థానం. ప్రతి అవుట్‌పుట్‌కూ వోల్టేజీ పడిపోకుండా విడిగా అందించే బఫర్డ్ మల్టిపుల్ కొనండి.