చూపు లేనివారూ వాడగలిగే వెబ్‌సైటు

ముందుగా మౌస్ పక్కన పెట్టండి. హోమ్ పేజీ నుంచి ఫారం నింపి పంపేదాకా కీబోర్డుతోనే వెళ్లగలరేమో చూడండి: ముందుకు ట్యాబ్, వెనక్కి షిఫ్ట్‌తో ట్యాబ్, లింకుకు ఎంటర్, బటన్‌కు ఎంటర్ లేదా స్పేస్. కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి పాయింటర్ ఎక్కడుందో కనిపించదు, పనంతా కీబోర్డు మీదే. మీరు ఇరుక్కున్న చోటే వాళ్లూ ఇరుక్కుంటారు.

ఎక్కువగా ఇరుక్కునేది డివ్‌తో, అంటే తనకంటూ ఏ పనీ లేని ఉత్త పెట్టె లాంటి ట్యాగుతో చేసిన బటన్ దగ్గర. డివ్‌కు రంగు వేసి, నొక్కితే పనిచేయడానికి ఆన్‌క్లిక్ తగిలిస్తే చూడ్డానికి బటన్‌లాగే ఉంటుంది. కానీ ట్యాబ్ దాని మీద ఆగదు, ఎంటర్ పనిచేయదు, అది బటన్ అని స్క్రీన్ రీడర్ చెప్పదు. అది బటన్ అని చెప్పే రోల్, ట్యాబ్ ఆగేలా చేసే ట్యాబ్‌ఇండెక్స్, కీలకు వేరే స్క్రిప్టు చేర్చి దాన్ని బాగుచేయొచ్చు గానీ, అంత అవస్థ ఎందుకు? బటన్ ట్యాగ్ రాస్తే ఇవన్నీ బ్రౌజరే ఇస్తుంది. మామూలు ట్యాగుతో పని జరిగేచోట ఏరియా (ARIA: స్క్రీన్ రీడర్ల కోసం ట్యాగులకు చేర్చే రోల్ లాంటి అదనపు గుణాలు) జోలికి పోకండి. తప్పుగా రాసిన ఏరియా కంటే అసలు లేకపోవడమే నయం. అలాగే, ట్యాబ్ ఆగినచోట చుట్టూ కనిపించే అవుట్‌లైన్‌ను అందం కోసం సీఎస్‌ఎస్‌లో తీసేయకండి. కొద్దిపాటి చూపున్నవారికి ఫోకస్ ఎక్కడుందో, అంటే కీబోర్డు ఇప్పుడు దేని మీద ఉందో చెప్పే గుర్తు అదే.

తర్వాత స్క్రీన్ రీడర్‌తో వినండి. విండోస్‌కు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. మ్యాక్, ఐఫోన్‌లలో వాయిస్‌ఓవర్ ముందే ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ కూడా. ఎన్‌వీడీఏలో హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కు, కె నొక్కితే లింకుకు, ఎఫ్ నొక్కితే ఫారంలోని తర్వాతి గడికి వెళ్తారు. ఇన్సర్ట్‌తో ఎఫ్7 నొక్కితే లింకుల జాబితా వస్తుంది. అందులో వరసగా ‘ఇక్కడ నొక్కండి’ అనే ఉంటే ఏది ఎక్కడికి పోతుందో ఎవరు చెప్పగలరు? ‘దరఖాస్తు ఫారం డౌన్‌లోడ్’ అని లింకులోనే రాయండి. పేజీ మొత్తం వినే ఓపిక ఎవరికీ ఉండదు, హెడింగుల మీద గెంతుతూ కావలసింది పట్టుకుంటారు. అందుకే అక్షరాలు లావుగా చేసి వదిలేస్తే చాలదు, హెచ్1 కింద హెచ్2, దాని కింద హెచ్3 ట్యాగులు వరస తప్పకుండా ఉండాలి.

తెలుగు పేజీల్లో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో పేజీ భాషను చెప్పే ల్యాంగ్ విలువ ఇంగ్లీషుదే వదిలేస్తారు. అప్పుడు స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి ముక్కలు చేస్తుంది, లేదా మౌనంగా దాటేస్తుంది. అక్కడ తెలుగు కోడు, అంటే టీ, ఈ అనే రెండక్షరాలు పెట్టండి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఉన్న పీడీఎఫ్‌లు ఇంకా అన్యాయం: కంటికి తెలుగు, చెవికి అర్థంలేని గుర్తుల వరస. వాటిని యూనికోడ్‌లోకి మార్చడం తప్ప దారి లేదు.

బొమ్మలకు ఆల్ట్ (బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే మాటలు) రాసేటప్పుడు బొమ్మ ఎలా ఉందని కాదు, అక్కడ ఎందుకుందని ఆలోచించండి. భూతద్దం గుర్తుకు ‘భూతద్దం’ కాదు, ‘వెతుకు’ అని రాయాలి. గ్రాఫుకు సారాంశం ఆల్ట్‌లో ఒక వాక్యం, అంకెలు కింద పట్టికలో. అలంకారానికి పెట్టిన బొమ్మకు ఆల్ట్‌ను ఖాళీగా ఉంచండి, తీసేయకండి. తీసేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరును చదువుతాయి.

రంగుల సంగతికి డబ్ల్యూసీఏజీలో, అంటే వెబ్ అందరికీ అందేలా చేసే అంతర్జాతీయ మార్గదర్శకాల్లో, లెక్క ఉంది. మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ కాంట్రాస్ట్ కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1. తెలుపు మీద 767676 కోడున్న బూడిద రంగు అంచున గట్టెక్కుతుంది, 777777 తప్పుతుంది. 1280 పిక్సెళ్ల వెడల్పు కిటికీని 400 శాతానికి జూమ్ చేసినా వాక్యాలు చదవడానికి అడ్డంగా జరపాల్సిన పని పడకూడదు. మొబైల్లో వేళ్లతో జూమ్ చేయకుండా ఆపే మెటా ట్యాగ్ ఉంటే ఈరోజే తీసేయండి.

ఫారాల్లో ప్లేస్‌హోల్డర్‌ను, అంటే గడి లోపల లేతగా కనిపించే మాటను, లేబుల్‌గా వాడితే, టైపు చేయగానే అది మాయమవుతుంది. గడి ఐడీతో కలిపిన లేబుల్ ట్యాగ్ విడిగా ఉండాలి. తప్పు జరిగితే గడి అంచు ఎర్రబడడం ఒక్కటే చాలదు. ‘ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి’ అని మాటల్లో చెప్పి, ఏరియా డిస్క్రైబ్డ్‌బై ద్వారా గడికి కలపండి. ఇలాంటిచోట ఏరియా నిజంగా పనికొస్తుంది. పాపప్ తెరుచుకుంటే ఫోకస్ దానిలోకి వెళ్లాలి, ఎస్కేప్‌తో మూసుకోవాలి, మూశాక తెరిచిన బటన్ దగ్గరికే తిరిగి రావాలి. డైలాగ్ ట్యాగును షోమోడల్ అనే స్క్రిప్టు ఆదేశంతో తెరిస్తే ఇందులో చాలా భాగం దానంతటదే జరుగుతుంది.

యాక్స్, లైట్‌హౌస్, వేవ్ వంటి, పేజీలో ఇలాంటి తప్పులు వెతికే సాధనాలు ఆల్ట్ లేదని పట్టిస్తాయి. ఉన్న ఆల్ట్ సరైనదో కాదో చెప్పలేవు. కాబట్టి వాటి మార్కులు చూసి ఆగకుండా, రోజూ స్క్రీన్ రీడర్ వాడేవారికి ఒక పని అప్పగించండి, ‘ఈ ఫారం నింపి పంపండి’ అని. మధ్యలో దారి చూపకుండా, ఎక్కడ వెనక్కి వెళ్లారో, ఏ గడి దగ్గర రెండుసార్లు విన్నారో రాసుకోండి.