పెద్దల నోట పాత మాట వస్తే తప్పును ఎలా తూచాలి?

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర సభ జరుగుతోంది అనుకోండి. వయసు మీరిన నాయకుడు మైకు పట్టుకుని "గుడ్డోళ్లకు, కుంటోళ్లకు పింఛన్ పెంచమని అడిగింది నేనే" అన్నాడు. సాయంత్రానికల్లా పది సెకన్ల వీడియో ముక్క అందరి ఫోన్లలోకీ చేరింది. మనం ఏమనాలి?

మొదటి పని, ఆ ముక్కకు ముందూ వెనకా ఏముందో వినడం. ఆ మాటతో ఆయన ఏం చేస్తున్నాడో చూడండి. పింఛన్ అడుగుతున్నాడా, లేక ఎదుటి పార్టీవాణ్ణి "గుడ్డోడివా?" అని వెక్కిరిస్తున్నాడా? నన్నడిగితే రెండోదే పెద్ద తప్పు. "దివ్యాంగుడు" అనే కొత్త మాటతోనూ అదే వెక్కిరింత చేయొచ్చు.

తర్వాత మాట వయసు తెలుసుకోండి. "దివ్యాంగులు" అనే మాటను ప్రధాని మోదీ సూచించింది 2015 చివర్లో. డెబ్బై ఏళ్లు వేరే మాట విన్న నాలుకకూ, ముప్పై ఏళ్ల ఎమ్మెల్యే నాలుకకూ ఒకే తూకం పెట్టలేం. అయితే "ఆ కాలంలో ఎవరూ తప్పనుకోలేదు" అనే సాకును ఊరికే నమ్మకండి. గాంధీ 1933లో "హరిజన్" పత్రిక పెట్టారు. ఆ పేరు అంబేడ్కర్‌కు నచ్చలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఈ మాట మీదే ఆయన పక్షం వాకౌట్ చేసింది. కుల ధ్రువపత్రాల్లో ఆ మాట రాయొద్దని కేంద్రం చెప్పేసరికి 1982 వచ్చింది. అభ్యంతరం ఎప్పుడో ఉంది, వినేవాళ్లే లేరు.

ఎవరి గురించి అన్నారో వాళ్లనే అడగండి. "దివ్య" అనడం నచ్చనివాళ్లు వాళ్లలోనే ఉన్నారు. పేరు సంగతి తర్వాత, ముందు ఆఫీసుకు ర్యాంపు కట్టండి అంటారు.

మన రాయలసీమకూ ఓ పాత పేరుంది కదా. 1800లో నిజాం బ్రిటిష్ వాళ్లకు అప్పజెప్పిన ప్రాంతం కాబట్టి సీడెడ్. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు సూచించారు. సినిమావాళ్లు ఇప్పటికీ "సీడెడ్‌లో ఇంత వసూలు" అంటారు. అది వ్యాపారంలో అలవాటైన మాట, అవమానం కాదని తెలుసు. అయినా వింటే చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ముల్లు మాయం కాదు, ముల్లు గుచ్చుకున్నంత మాత్రాన ఉద్దేశం చెడ్డదీ కాదు. ఈ రెండు లెక్కలూ వేరువేరుగా వేయండి. "సీమోళ్లంటే కత్తులే కదా" అన్నారనుకోండి, అందులో పాత పదం ఒక్కటీ లేదు. నాకు ఒళ్లు మండేది మాత్రం అక్కడే.

కులం పేరు పెట్టి తిట్టడం మాత్రం ఈ తూకంలోకి రాదు. నలుగురి ముందు కావాలని అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

చివరగా, చెప్పాక ఏం చేశాడో చూడండి. "ఈ రోజుల్లో ఏం మాట్లాడినా తప్పే" అని అదే మాట మళ్లీ అంటే అది ఇక అలవాటు కాదు, మొండితనం. చెప్పడం కూడా పద్ధతిగా ఉండాలి. మా పెదనాన్నకు పక్కకు పిలిచి చెప్తే, "మరి ఏమనాల్రా?" అని అడిగినాడు. ఇప్పటికీ కొత్త మాట గుర్తురాకపోతే, మాట్లాడేది ఆపి నా వైపు చూస్తాడు.